మెఱుపును చిత్రించువాని ధర్మమేమి?

ఈ వయస్సున నాకు పట్టిన వ్యసనము కొంత విచిత్రమైనది. ఉద్యోగ విరమణ చేసినవారు సాధారణముగ పురాణ కాలక్షేపమునకో, మనుమల చదువునకో, ఇంటిపై మఱొక అంతస్తు వేయించుటకో పూనుకొందురు. నేను మేఘముల వెంట పడితిని. ముప్పది యైదేండ్లకు పైగా ఒక కార్యాలయమున గుమాస్తాగ నుండి, వచ్చిన కాగితమునకు ఒక సంఖ్యయు పోయిన కాగితమునకు ఒక సంఖ్యయు వేసి, అరువదియవ యేట ఇంటికి చేరినవాడను. చదువు పదవ తరగతితో సరి. శాస్త్రజ్ఞుడను కాను, కళాకారుడనని చెప్పుకొనుటకు సిగ్గు. మా అల్లుడు తాను వాడి విడిచిన కెమెరా నొకదానిని నాకిచ్చుటయు, ఒకనాటి సాయంకాలము బళ్ళారి కోటగుట్ట వెనుక మెఱసిన మెఱుపొకటి మా డాబా మీదనుండి దానిలో పడుటయు దీనికంతకును కారణము. నాటినుండి అశ్విని కార్తె ప్రవేశించినది మొదలు స్వాతి వెడలువఱకు మా ఇంట నా భోజనవేళలు తప్పినవి. ఈ సంగతిని మా ఇంటివారు సంఘములోని స్త్రీలందఱకును ఇదివఱకే చెప్పియున్నారు కావున దాచి ప్రయోజనము లేదు.

ఈ సంచికకు ముఖచిత్రముగ నా మెఱుపు చిత్రములలో నొకదానిని వేయదలచి, దానిని గూర్చి నాలుగు మాటలు వ్రాయుమని సంపాదకవర్గము వారు కోరిరి. చిత్రము వారికి నచ్చినది. నాకును నచ్చినదే. కాని దానిని చూచినపుడెల్ల నన్నొక ప్రశ్న బాధించుచున్నది. ఆ ప్రశ్ననే నలుగురి ముందు పెట్టదలచితిని.

మొదట మన ప్రాంతము మాట చెప్పవలెను. బళ్ళారి సీమకు మేఘము అలంకారము కాదు, ఆదాయము. పడమటి కనుమలు అరేబియా సముద్రపు తేమను తమ ఆవలివైపుననే పిండుకొని మనకు గాలిని మాత్రము పంపును. ఏడాదికి ఇరువది అంగుళములకు కొంచెము అటునిటుగ పడు వానతో మన రేగడి నేలలు బ్రతుకవలెను. అందుచేత మబ్బు కనబడినపుడు తల యెత్తి చూచుట మనకు తాతలనాటి అలవాటు. అయితే ఆ చూపులన్నియు ఒక విధమైనవి కావు. భరణి కార్తెలో తూర్పున నల్లని మేఘము లేచినపుడు మెట్టరైతు దుక్కికి పదునగునని సంతోషించును. తుంగభద్ర కాలువ క్రింద సిరుగుప్ప ప్రాంతమున రెండవ పంట వరి కోతకు వచ్చిన రైతు అదే మేఘమును చూచి గుండె పట్టుకొనును. కళ్ళములో మిరపకాయలు ఆరబోసినవాడు టార్పాలిను కొఱకు పరుగెత్తును. నావంటివాడు కెమెరా కొఱకు పరుగెత్తును. మేఘమొకటే; దానిని గూర్చిన కోరికలు నాలుగు. వడగండ్లు పడు మేఘమున మెఱుపులు మిక్కుటముగ నుండును. కావున నా కోరిక ఫలించిన దినము ఎవరికో పంట పోయిన దినము కావచ్చును. ఈ మాట నాకు చాలకాలము తట్టలేదు.

ఇక మెఱుపు సంగతి. పూర్వపు చిత్రకారులు మెఱుపును రంపపు పండ్లవలె వంకరటింకర గీతగ వ్రాయువారు. 1882లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున విలియం జెన్నింగ్స్ అనునాయన మెఱుపును ఛాయాచిత్రమున పట్టినపుడు అది రంపము కాదనియు, ఉపనదులతో కూడిన నదివలె, వేళ్ళు విడిచిన చెట్టువలె నుండుననియు లోకమునకు తెలిసినది. వేలాది సంవత్సరములుగ మానవుడు తన కన్నులతో చూచుచున్న వస్తువును కెమెరా చూపువఱకు చూడలేదన్నమాట. తరువాత 1930ల ప్రాంతమున దక్షిణాఫ్రికాలో షోన్‌లాండ్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును కదలు కటకముల కెమెరాతో మెఱుపును విడదీసి చూచిరి. మేఘమునుండి మసక దారియొకటి మెట్లు మెట్లుగ దిగివచ్చును. అది నేలను చేరబోవు క్షణమున భూమినుండి మహాప్రకాశము పైకి లేచును. మనము పిడుగు పడినదందుము గాని, ఆ కన్నులు మిఱుమిట్లు గొలుపు వెలుగు క్రిందినుండి మీదికి ఎక్కునదే. ఈ సంగతి చదివిననాడు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. గుమాస్తా బ్రతుకున ఇట్టి ఆశ్చర్యములు అరుదు.

చిత్రించు విధానము పెద్ద విద్య కాదు. మెఱసిన పిమ్మట మీట నొక్కిన చీకటి తప్ప మఱేమియు పడదు. మునిమాపు చీకటిలో కెమెరాను ముక్కాలిపై కదలకుండ నిలిపి, దాని కన్ను ఎనిమిది పది సెకనులు తెఱచియుంచి, ఆ వ్యవధిలో మెఱుపు దయచేయునా యని ఎదురుచూడవలెను. రాకున్న మరల తెఱువవలెను. ఇట్లు వంద సార్లు తెఱచిన ఒకసారి దక్కును. మా కార్యాలయమున మంజూరు కొఱకు కనిపెట్టుకొని యుండిన అనుభవము నాకిక్కడ బాగుగ అక్కఱకు వచ్చినది.

మఱియొక లెక్క కూడ ఈ పని చేయువానికి తప్పక తెలియును. మెఱుపునకును ఉఱుమునకును నడుమ మూడు సెకనులకు ఒక కిలోమీటరు దూరము. ఆ నడుమ కాలము ముప్పది సెకనులకు తగ్గినచో బయట నుండరాదని వాతావరణ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. చిన్నతనమున ఉఱుము వినగనే మా అవ్వ అర్జునా, ఫల్గుణా యని పేర్లు చెప్పించెడిది. ఇపుడు నేను ఒకటి, రెండు, మూడు అని చెప్పుకొనుచున్నాను. ఈ లెక్కను పాఠకులు గుర్తుంచుకొనవలెను. నా కథ అంతయు దానిమీదనే నడచును.

గత సంవత్సరము భరణి కార్తెలో ఒకనాడు మిత్రుని కారులో గుంతకల్లు దారిన హగరి నది ఒడ్డునకు పోయితిమి. అక్కడినుండి తూర్పునకు చూచిన ఆంధ్రదేశపు ఆకాశము. 1953 అక్టోబరు 1వ తేదీన ఆలూరు, ఆదోని, రాయదుర్గము తాలూకాలను అటుంచి బళ్ళారిని ఇటుంచిన గీత నేలమీదనే గాని పైన లేదు. కర్ణాటకమున నిలిచి ఆంధ్రలోని మెఱుపును పట్టుట మా సరిహద్దువారికే చెల్లిన భాగ్యమని మేము నవ్వుకొంటిమి. మిత్రుడు కారులోనే కూర్చుండెను. నేను దిగి ముక్కాలిని నిలిపితిని. ఆరుబయట, గాలివానకు ముందు, ఇనుప ముక్కాలి ప్రక్కన నిలుచుట మూర్ఖత్వమని నేనెఱుగుదును. ఆ మూర్ఖత్వమునకు నేనే యజమానిని, నష్టము వచ్చిన నాదే.

ఎదుట ఏబది అడుగుల దూరమున ఒంటరి తుమ్మచెట్టొకటి. దాని వెనుక ఇసుక, ఇసుకకు ఆవల మేఘము. చినుకులు మొదలైనవి. అపుడొక కుఱ్ఱవాడు, పదునాలుగేండ్లుండును, తల మీద కంబళి కప్పుకొని ముప్పది నలుబది గొఱ్ఱెలను తోలుకొని వచ్చి ఆ చెట్టు క్రింద నిలిచెను. గొఱ్ఱెలు అతని చుట్టు గుండ్లవలె ముడుచుకొనినవి. నేను అప్పుడే లెక్కించియుంటిని: పండ్రెండు సెకనులు. అనగా నాలుగు కిలోమీటర్లు. తరువాతి మెఱుపునకు తొమ్మిది. నా వెనుక కారున్నది. అందులో మఱి ముగ్గురకు చోటున్నది. నేను నోరు తెఱచి పిలిచిన వినబడు దూరము.

పిలువలేదు. కెమెరా కన్ను తెఱచితిని. ఎనిమిది సెకనులలో ఐదవ సెకనున చెట్టు వెనుక, ఏటికి ఆవల, ఆకాశము నిలువున చీలినది. చిత్రము పడినది. ఆ వెంటనే పెద్దవాన కురియగ నేను కారులోనికి దూకితిని. వాన వెలిసిన తరువాత కుఱ్ఱవాడు గొఱ్ఱెలను తోలుకొనుచు కారు దగ్గఱకు వచ్చి, పండ్లన్నియు కనబడునట్లు నవ్వి, కన్నడమున “అజ్జా, ఫోటో బంతా?” అనెను. తాతా, ఫోటో వచ్చినదా యని. వచ్చినదంటిని. ఒక్క గొఱ్ఱెకైన హాని లేదు.

ఏమియు జరుగలేదు. నా ప్రశ్న అందుచేతనే కష్టమైనది. కీడు జరిగియుండిన తీర్పు సులభము. లోకము తిట్టును, నేను ఏడ్చుదును, అంతటితో ఒక లెక్క ముగియును. ఏమియు జరుగనిచో తప్పు ఉన్నట్లా, లేనట్లా? పిడుగు ఆ చెట్టు మీద పడకుండుట నా పుణ్యము కాదు. పడియుండిన అది నా పాపమగునా? నేను చేసిన పని రెండు విధములను ఒక్కటే. చేసిన పని ఒక్కటైనపుడు మంచిచెడ్డలు మేఘమును బట్టి మాఱుట న్యాయమా?

మా మిత్రుడు, విశ్రాంత ఉపాధ్యాయులు, సాహిత్యపరులు, నన్ను ఊరడించుటకు రససిద్ధాంతమును తెచ్చిరి. భయానకము కూడ రసమే కదా, భయమును దూరమునుండి చూచి ఆనందించుట సహృదయుని లక్షణము కదా యని వారి వాదము. మన బళ్ళారి రాఘవాచార్యులు రంగము మీద నటించునపుడు ఏ ప్రేక్షకుడైన లేచి పోయి ఎదుటి పాత్రను రక్షింపబోయెనా యని అడిగిరి. మంచి మాటయే. 1946లో గతించిన రాఘవగారిని నేను చూడలేదు. చూచినవారి మాటలు విని పెరిగితిని. కాని నాటకశాలలో రంగమునకును ప్రేక్షకునకును నడుమ ఒక ఒప్పందము ఉన్నది. తెర దిగిన తరువాత చచ్చినవాడు లేచి టీ త్రాగును. ఆ కుఱ్ఱవాడు నాతో అట్టి ఒప్పందమేమియు చేసికొనలేదు. నేను చూచినది నాటకమని నాకు నేనే అనుకొంటిని. నడుమ తెర కట్టినది నా కెమెరా.

కెమెరాకు ఈ గుణము క్రొత్తగ వచ్చినది కాదు. 1876 నుండి 1878 వఱకు మద్రాసు రాజధానిని పీడించిన ధాత కరువున మిక్కిలి దెబ్బతిన్న జిల్లాలలో మన బళ్ళారి యొకటి. ఆ కరువు దినములలో విలబీ వాలెస్ హూపర్ అను ఆంగ్ల సైనికాధికారి ఎముకలు మాత్రమే మిగిలిన మనుష్యులను వరుసగ కూర్చుండబెట్టి ఛాయాచిత్రములు తీసెను. ఆ చిత్రములు నేటికిని ఉన్నవి. అవి లేకుండిన ఆ కరువు మనకు అంకెలుగ మాత్రమే మిగిలెడిది. ఆ మేలు కాదనరానిది. కాని ఆ మనుష్యులను ఆ విధముగ సర్ది, కదలకుడని చెప్పి, వెలుతురు చూచుకొన్న చేతిని తలచిన ఒడలు జలదరించును. ఇదే హూపరు 1886లో బర్మాలో ఖైదీలను కాల్చి చంపునపుడు ఆ క్షణమును పట్టవలెనని కెమెరా నిలిపి, విచారణకు లోనై మందలింపు పొందెను. నన్ను హూపరుతో పోల్చుకొనుట అతిశయోక్తి యని మా వాళ్ళందురు. కావచ్చును. కాని ఒక మాట ఇంతవఱకు చెప్పలేదు, ఇపుడు చెప్పుచున్నాను. కెమెరా కన్ను తెఱచియున్న ఆ ఎనిమిది సెకనులు నేను మౌనముగ నుండుట మాత్రమే కాదు. “కదలకు నాయనా, కదలకు” అని మనస్సున అనుకొంటిని. వాడు కదలిన చిత్రమున మసకబారును. వాడు అక్కడ నుండుట నాకు కావలసి యుండెను.

చిత్రమును చూచినవారందఱును మెచ్చునది ఆ కుఱ్ఱవానినే. మెఱుపు సరే, ఎవరికైన దొరకును, ఆ చెట్టు క్రింది మనిషి వలన చిత్రమునకు ప్రాణము వచ్చినదని ముఖచిత్రముగ ఎన్నుకొన్నవారును అనిరి. ఆ మాట విన్నపుడు నా చేతిలోని కాఫీ చల్లారిపోయినది.

తుపానుల వెంట పడువారందఱును నావంటివారు కారని కూడ చెప్పవలెను. అమెరికాలో డేవిడ్ హోడ్లీ అనునాయన 1956లోనే కెమెరాతో గాలివానల వెంట తిరుగ మొదలుపెట్టి, 1977లో తనవంటివారి కొఱకు ఒక పత్రికనే స్థాపించెను. టిం సమారాస్ అనునాయన సుడిగాలి దారిలో తాను చేసిన యంత్రములను పెట్టి, దాని గర్భములోని ఒత్తిడిని కొలిచినవాడు. మెఱుపు భూమిని తాకు క్షణమును చిత్రింపవలెనను తపన కూడ ఆయనకుండెను. 2013 మే 31న ఒక్లహోమా రాష్ట్రమున ఎల్ రీనో వద్ద కుమారునితోను, సహచరునితోను ఆ సుడిగాలికే బలియయ్యెను. ఆయన కొలతలు ముందు హెచ్చరికలకు ఉపకరించునవి. నా చిత్రము దేనికి ఉపకరించును? గోడకు.

ఉపయోగము లేని సౌందర్యము తప్పని నేననను. అట్లన్న సంగీతమును, ముగ్గును, సాయంకాలపు ఆకాశమును విడువవలసి వచ్చును. చూచుటలో దోషము లేదు. చిత్రించుటలోను లేదు. దోషము ఎక్కడ ప్రవేశించినదని రాత్రులు వెదకగ నాకు తోచినదిది: నాకు లెక్క తెలియును, వానికి తెలియదు. తొమ్మిది సెకనులకు అర్థమేమో ఆ ఏటి ఒడ్డున ఎఱిగినవాడను నేను. కారులో కూర్చున్న మిత్రునికి తెలియదు, కావున ఆయన తప్పు లేదు. తెలిసినవాని మౌనము, తెలియనివాని మౌనము తూకమున ఒకటి కావు. కార్యాలయమున కూడ ఇంతే. గడువు తేదీ తెలిసిన గుమాస్తా చెప్పక ఊరకుండిన అర్జీదారుని పని చెడును, దస్త్రమున మాత్రము ఎవరి తప్పును కనబడదు. అట్టి మౌనములు నా ఉద్యోగమున ఎన్ని యున్నవో ఇపుడు తవ్వను.

ఆ తెలివి చిన్నది కాదు. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల ప్రకారము 2022లో ఒక్క సంవత్సరమున మన దేశమున పిడుగుపాటున 2,887 మంది మరణించిరి. పొరుగున ఆంధ్రప్రదేశమున 2018 ఏప్రిల్ 24న పదుమూడు గంటలలో 36,749 పిడుగులు నమోదైనవి. చెట్టు క్రింద చేరుట వానకు మంచిదే గాని పిడుగునకు చెడ్డది. చెట్టు మీద పడిన విద్యుత్తు ప్రక్కనున్న మనిషి మీదికి దూకును. వేళ్ళ వెంట నేలలో వ్యాపించి గొఱ్ఱె ముందు కాళ్ళలో ఎక్కి వెనుక కాళ్ళలో దిగును. మందలు మందలుగ జీవములు చచ్చుట అందుచేతనే. ఇపుడు పుణెలోని వాతావరణ శాస్త్రజ్ఞులు చేసిన దామిని అను సాధనము చేతి ఫోనులోనే చుట్టుప్రక్కల పిడుగులను చూపుచున్నది. నా ఫోనులో అది ఆనాడు కూడ ఉన్నది. మంచి మెఱుపు ఎక్కడ దొరకునో తెలిసికొనుటకు నేను దానిని వాడుచుంటిని! ప్రాణము కాచుటకు చేసిన దీపమును నేను వేటకు పట్టుకొని పోయితిని.

హంపి మనకు దగ్గఱ. అక్కడినుండి రాజ్యమేలిన శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో వర్షర్తువును వర్ణించిన తీరు పండితులు మెత్తురు. నేను పండితుడను కాను గాని ఒక సంగతి గమనించితిని. ఆ చక్రవర్తి మేఘములను చూచి ఊరకుండలేదు. తడిసిన కట్టెలు రాజుకొనక పొయ్యివద్ద అవస్థపడు ఇల్లాలిని కూడ చూచెను. మేడమీద నున్నవాని కంటికి ఆ పొగ ఎట్లు కనబడెనో! నాకు ఏబది అడుగులలోని కుఱ్ఱవాడు కనబడలేదు. కనబడెను, కాని చెట్టులో భాగముగ కనబడెను.

ముఖచిత్రము మాట వచ్చిన పిమ్మట, ఆ కుఱ్ఱవానిని అడుగక వాని బొమ్మ వేయరాదని తోచి, చిత్రము ప్రతి నొకదానిని సంచిలో పెట్టుకొని హగరి దారిన పోయితిని. రెండు దినములు తిరిగిన పిమ్మట ఒక చేనిలో వారి మంద కనబడినది. కుఱ్ఱవాడు చిత్రమును చూచి గంతులు వేసెను. తన బొమ్మ కంటె తన గొఱ్ఱెలలో ఫలానిది ఇది, ఫలానిది అది యని గుర్తించుటలోనే వానికి సంతోషము. వాని అవ్వ చిత్రమును కంటికి దగ్గఱగ పట్టుకొని చాలసేపు చూచినది. మెఱుపు మీద వ్రేలు పెట్టినది, చెట్టు మీద పెట్టినది, పిల్లవాని మీద పెట్టినది. పిమ్మట నన్ను, ఇందులో నీవెక్కడ నున్నావని అడిగినది. నేను ఇందులో లేను, ఇది తీసినవాడను నేనంటిని. ఎంత దూరమున నుంటివని అడిగినది. చేతితో చూపితిని. ఆమె మఱేమియు అనలేదు. సత్తు గిన్నెతో మజ్జిగ ఇచ్చినది. త్రాగితిని.

నేను ఆ పిల్లవానికి మూడు సెకనుల లెక్క నేర్పితిని. ఒంటరి చెట్టును విడిచి పల్లపు తావున, మందను చెదరగొట్టి, తాను రెండు పాదములు దగ్గఱగ పెట్టి కూర్చుండవలెనని, దగ్గఱలో గట్టి కప్పున్న ఇల్లో వాహనమో ఉండిన అందులో దూరవలెనని చెప్పితిని. వాడు విని, మఱి గొఱ్ఱెలను ఎవరు చూతురని అడిగెను. దానికి నా దగ్గఱ సమాధానము లేకపోయెను.

సంపాదకవర్గము వారికి వేఱొక చిత్రమును పంపితిని. బళ్ళారి గుట్ట, పైన కోట, దాని వెనుక కొమ్మలు సాచిన మెఱుపు. అందులో మనుష్యులు లేరు. వారు స్వీకరించిరి, అయితే మొదటి దానిలోని ప్రాణము దీనిలో లేదని, మరల ఆలోచింపుమని కబురంపిరి. మొదటి చిత్రము హగరి ఒడ్డున ఒక గుడారములో, ప్లాస్టిక్ సంచిలో చుట్టబడి, ఆ అవ్వ పెట్టెలో నున్నది. ఈ సంవత్సరము అశ్విని కార్తెలో మరల ఆ దారినే పోయితిని. తుమ్మచెట్టు అట్లే యున్నది. ముక్కాలిని దింపక ముందు నలువైపుల చూచి, చేనిలో గడ్డి కోయుచున్న ఇద్దఱు ఆడవారిని కేకవేసి పిలిచి కారులో కూర్చుండబెట్టితిని. అందులో ఒకామె వాన వెలియువఱకు నన్ను ప్రశ్నలు వేయుచునే యుండెను. ఆనాటి మేఘము చాల గొప్పది. ఒక్క చిత్రమును పడలేదు.